ఆర్కిడ్ పూయాలంటే వెలుతురు ఎంత, చీకటి ఎంత: మన ఇళ్లకు పనికొచ్చే సమగ్ర మార్గదర్శి

మా ఇంట్లో కాట్లియా అనే ఆర్కిడ్ ఒకటి మూడేళ్లపాటు ఒక్క పువ్వు కూడా పూయలేదు. ఏటా కొత్త కాడ వేసేది, కాడ చివర ఆకు మొదట్లో పచ్చటి తొడుగు కూడా వచ్చేది, ఇక మొగ్గ వచ్చేస్తుందని రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ వెళ్లి చూసేదాన్ని, రెండు నెలలు తిరిగేసరికి ఆ తొడుగు కాస్తా ఎండి ఉల్లిపొరలా అయిపోయేది. ఎరువు మార్చాను, కుండీ మార్చాను, బొగ్గు తీసి కొబ్బరి చిప్పలు వేశాను. ఒకరోజు రాత్రి కరెంటు పోయింది. తిరిగి వచ్చినప్పుడు నేను ఆ మొక్క పక్కనే ఉన్నాను, తలెత్తితే పోర్టికో బల్బు. దొంగల భయానికి రాత్రంతా వేసి ఉంచే ఆ ఎల్ఈడీ బల్బు సరిగ్గా మొక్కకు నాలుగడుగుల పైన వెలుగుతోంది. మర్నాడే మొక్కను ఇంటి వెనక, వీధి లైటు కూడా పడని గోడ వారకు మార్చాను. అది ఆగస్టు. అక్టోబరు చివర్లో ఆ తొడుగు వెనక టార్చి పెట్టి చూస్తే లోపల బియ్యపు గింజంత నల్లటి నీడ కనిపించింది. అదే మొగ్గ.

అప్పటినుంచి ఆర్కిడ్ల గురించి ఎవరు అడిగినా నేను ముందు ఎరువు సంగతి మాట్లాడను. పగలు దానికి ఎంత వెలుతురు పడుతోంది, రాత్రి ఎంతసేపు చీకటి ఉంటోంది అని అడుగుతాను. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. వీటిని కలిపేయడం వల్లే సగం మొక్కలు పూయకుండా ఉండిపోతున్నాయి.

ముందుగా చామంతి సంగతి

చామంతి శీతాకాలంలోనే విరగబూస్తుందని మనకు చిన్నప్పటినుంచి తెలుసు. చలికి పూస్తుందనుకుంటాం గానీ అసలు కారణం పొద్దు కురచ కావడం. 1920లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక రకం పొగాకు, సోయా మొక్కల మీద ప్రయోగాలు చేసి, పగటి పొడవును బట్టి మొక్కలు పూతకు వస్తాయని చూపించారు. ఆ తర్వాతి పరిశోధనల్లో ఇంకో ముఖ్యమైన విషయం తేలింది. మొక్క నిజంగా లెక్కపెట్టేది పగటిని కాదు, ఆగకుండా సాగే చీకటిని. నడి రాత్రి కాసేపు లైటు వేస్తే చాలు, ఆ పొడవాటి రాత్రి కాస్తా మొక్క లెక్కలో రెండు చిన్న రాత్రులైపోతుంది. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ లెక్క చూస్తుంది, దానికి ఎరుపు వెలుగంటే బాగా పట్టింపు. పాలీహౌసుల్లో చామంతి వేసేవాళ్లు రాత్రిళ్లు బల్బులు వేసి పూత ఆపేది, నల్ల గుడ్డ కప్పి పూత తెప్పించేది ఇందుకే.

మన దగ్గర ఈ తేడా ఎంతో చూడండి. హైదరాబాద్‌లో జూన్ మూడో వారంలో పగలు దాదాపు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరు మూడో వారంలో 11 గంటల 5 నిమిషాలు. అంటే ఏడాది మొత్తానికి తేడా రెండు గంటలే. మా అక్క ఉండే న్యూజెర్సీలో వేసవిలో 15 గంటల పగలు, శీతాకాలంలో తొమ్మిదింబావు. అక్కడ ప్రకృతి గట్టిగా కేకేసి చెబుతుంది, ఇక్కడ చెవిలో గుసగుసగా చెబుతుంది. అందుకే మన దగ్గర ఒక్క బల్బు కూడా ఆ గుసగుసను వినపడనీయకుండా చేస్తుంది.

ఇంకో మాట, పంచాంగంలో ఉత్తరాయణం సంక్రాంతికి మొదలవుతుంది గానీ, పొద్దు పెరగడం డిసెంబరు 22 తర్వాతి నుంచే మొదలవుతుంది. మొక్క చూసేది పొద్దునే.

1. మీ మొక్క దేని మాట వింటుందో తేల్చుకోండి

ఆర్కిడ్లన్నీ ఒక్కటి కాదు, ఇది దాటేసి ముందుకెళ్తే మిగతాదంతా వృథా.

పూల దుకాణాల్లో, నర్సరీల్లో ఎక్కువగా దొరికే వెడల్పాటి ఆకుల ఫెలనాప్సిస్ పగటి పొడవును దాదాపు పట్టించుకోదు. అది చల్లదనాన్ని చూస్తుంది. దాని గురించి కింద విడిగా రాశాను.

సన్నటి చెరకుగడల్లాంటి కాడలతో, ఊదా తెలుపు కలిసిన పూలతో వచ్చే డెండ్రోబియం సోనియా లాంటివి మన వేడికి బాగా అలవాటుపడే రకాలు. వీటికి కాడ ముదరాలి, వెలుతురు దండిగా కావాలి, అంతే. ఏడాదిలో ఎప్పుడైనా పూస్తాయి. వీటికి నల్ల గుడ్డలు కప్పే శ్రమ పెట్టుకోకండి.

డెండ్రోబియం నోబిలే వేరే. శీతాకాలంలో కొన్ని వారాలు 10 నుంచి 15 డిగ్రీల చలి రాత్రులు, నీళ్లు బాగా తగ్గించడం, ఎరువు పూర్తిగా ఆపడం, ఇవి లేకపోతే అది పూలకు బదులు కాడల మీద పిల్ల మొక్కలు వేస్తుంది. అరకు, లంబసింగి వైపు ఉన్నవాళ్లు హాయిగా పెంచుకోవచ్చు. విజయవాడలో ఉన్నవాళ్లు దీన్ని కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

వాండాకు కావలసింది వెలుతురు, ఇంకా వెలుతురు.

ఇక కాట్లియా. చీకటి లెక్కను నిజంగా పట్టించుకునేది ఇదే, అందులోనూ పెద్ద పూల జాతులు. బ్రెజిల్ నుంచి వచ్చిన లాబియాటా, కొలంబియా జాతీయ పుష్పమైన ట్రియానె, వెనెజులా జాతీయ పుష్పమైన మోసియె, క్రిస్మస్ రోజుల్లో పూసే పెర్సివలియానా ఇవన్నీ ఈ కోవలోవి. కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి గవినో రోటర్ 1952లో ప్రచురించిన పరిశోధనలో ఈ జాతులను రోజుకు 16 గంటల వెలుతురులో, వెచ్చగా ఉంచితే పూత రాకుండా ఆకులే పెరిగాయి. పగలు 9 గంటలకు కుదించి, చల్లగా ఉంచితే పూతకు వచ్చాయి. అప్పట్లో అమెరికాలో కాట్లియా పూలను ఆడవాళ్లు బట్టలకు తగిలించుకునే అలవాటు బాగా ఉండేది, క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు, మదర్స్ డేకి సరిగ్గా పూలు అందించడానికి గ్రీన్‌హౌసుల వాళ్లు ఇదే కిటుకు వాడేవాళ్లు.

అయితే మీ చేతిలో ఉన్నది చాలావరకు సంకర రకమే అయి ఉంటుంది. దాని తాత ముత్తాతలెవరో మనకు తెలియదు. తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది: గత రెండు మూడేళ్లలో అది ఏ నెలల్లో పూసిందో గుర్తు చేసుకోండి. ఏటా అదే నెలలో పూస్తే అది కాలాన్ని చూసే మొక్క, చీకటితో దాన్ని అటూ ఇటూ జరపవచ్చు. కొత్త కాడ ముదిరినప్పుడల్లా, ఏ నెలైనా సరే పూసేస్తుంటే దానికి పగటి పొడవుతో పనిలేదు, మంచి వెలుతురు ఇచ్చి వదిలేయండి.

పువ్వుకు ఒక్కో మొక్క ఒక్కో కబురు కోసం ఎదురుచూస్తుందనడానికి ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. డెండ్రోబియం క్రుమెనేటం అనే తెల్లపూల ఆర్కిడ్ ఉంది, పావురం ఆర్కిడ్ అంటారు. పెద్ద వాన పడి గాలి ఒక్కసారిగా ఐదారు డిగ్రీలు చల్లబడితే, సరిగ్గా తొమ్మిదో రోజున ఆ ప్రాంతంలోని మొక్కలన్నీ ఒకేసారి పూస్తాయి.

2. పగటి వెలుతురు కొలవండి, అంచనా వేయకండి

మన కన్ను మోసం చేస్తుంది. ఎండలోంచి వరండాలోకి వచ్చినా పెద్ద తేడా అనిపించదు, మొక్కకు మాత్రం పదో వంతే అందుతూ ఉండొచ్చు. ఫోన్‌లో వెలుతురును లక్స్ అనే కొలతలో చూపించే లక్స్ మీటర్ యాప్ వేసుకోండి, పక్కాగా ఉండదు గానీ ఈ పనికి చాలు. ఫోన్‌ను ఆకు పక్కన, తెర పైకి ఉండేట్టు పెట్టి మధ్యాహ్నం చూడండి. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు ఒక లక్ష లక్స్. ఫెలనాప్సిస్‌కు 10,000 నుంచి 15,000 వరకు కావాలి. కాట్లియాకు 20,000 నుంచి 30,000, డెండ్రోబియం సోనియాకు అంతే లేదా ఇంకొంచెం ఎక్కువ, వాండాకు 30,000 పైన. అంటే డాబా మీద 75 శాతం షేడ్ నెట్ కింద కాట్లియా, డెండ్రోబియం బాగుంటాయి, ఫెలనాప్సిస్‌కు దానికి తోడు ఇంకో పొర పడాలి.

ఫోన్ లేకపోతే చెయ్యి చాలు. మధ్యాహ్నం ఆకుకు అడుగు ఎత్తున అరచెయ్యి పెట్టండి. నీడ అంచులు కత్తిరించినట్టు పడితే ఎండ ఎక్కువ. వేళ్లు వేరువేరుగా తెలుస్తూ అంచులు మసకబారితే కాట్లియాకు సరిపోయింది. చెయ్యి ఆకారం లీలగా మాత్రమే తెలిస్తే ఫెలనాప్సిస్‌కు. అసలు నీడే పడకపోతే అక్కడ ఆర్కిడ్ బతుకుతుంది గానీ పూయదు.

ఆకు రంగు ఇంకా నిజం చెబుతుంది. నిగనిగలాడే ముదురాకుపచ్చ చూసి మొక్క ఆరోగ్యంగా ఉందని మురిసిపోతాం, నిజానికి అది వెలుతురు చాలని రంగు. లేత అరటాకు రంగు ఉండాలి. పసుపు తిరిగినా, ఎర్రబారినా ఎక్కువైనట్టు. వేసవిలో ఆకును వేళ్లతో పట్టుకుని చూడండి, గాలికంటే వేడిగా తగిలితే వెంటనే నీడకు జరపండి, ఎందుకంటే మచ్చ పడిన ఆకు మళ్లీ పచ్చబడదు.

ఇక్కడ మన ప్రాంతానికే చెందిన ఒక సంగతి ఉంది, చల్లటి దేశాల వాళ్లు రాసిన సలహాల్లో ఇది ఉండదు. తెలుగు రాష్ట్రాలు కర్కట రేఖకు దక్షిణాన ఉన్నాయి కాబట్టి మే నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తిన, కొంచెం ఉత్తరం వైపు వాలి ఉంటాడు. అందుకే ఉత్తరపు బాల్కనీలో ఏడాదంతా నీడే అనుకుని పెట్టిన ఫెలనాప్సిస్ జూన్‌లో మాడిపోవచ్చు. అదే డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి బాగా వాలి, దక్షిణపు బాల్కనీలో లోపలి గోడ దాకా ఎండ వస్తుంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివర, సెప్టెంబరు చివర, కుండీల చోటు మళ్లీ చూసుకోండి.

3. రాత్రి పది గంటలకు మొక్క దగ్గరికి వెళ్లండి

కాట్లియా ఉన్నవాళ్లు ఈ పని ఈరోజే చేయండి. ఇంట్లో మామూలుగా వేసుండే లైట్లన్నీ వేసే ఉంచి, మొక్క పక్కన నిలబడి పేపర్ తెరవండి. చిన్న అక్షరాలు చదవగలిగితే ఆ చోటు పనికిరాదు. వెన్నెలకు భయం లేదు, అది మొక్క లెక్కలోకి రాదు. వీధి లైటు, ఎదురింటి ఫ్లడ్ లైటు, కిటికీలోంచి పడే హాలు వెలుగు, మెట్ల దగ్గరి సెన్సర్ లైటు, ఇవే అసలు ఇబ్బంది.

దీపావళికి బాల్కనీ గ్రిల్లుకు కట్టే సీరియల్ లైట్లు కొందరు క్రిస్మస్ దాటి సంక్రాంతి దాకా తీయరు. కాట్లియాలు చాలావాటికి మొగ్గ కట్టే కాలం అదే. కార్తీక దీపం పెట్టుకోండి, దానికేం కాదు, ఆ కరెంటు దండలు మాత్రం మొక్కల వైపు కట్టకండి.

మా అక్క సంగతీ ఇలాంటిదే. శీతాకాలంలో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, మొక్కకు కావలసిన పొడవాటి రాత్రి ఊరికే దొరుకుతుంది, కానీ కుండీ ఉన్నది హాల్లో. రాత్రి పదకొండున్నర దాకా లైట్లు, టీవీ. కాట్లియాను ఎవరూ వాడని గెస్ట్ రూమ్ కిటికీకి మార్చి, సాయంత్రం తర్వాత ఆ గదిలో లైటు వేయొద్దని పిల్లలకు చెప్పమన్నాను.

4. ముందుగా పూయించాలంటే, ఆలస్యంగా పూయించాలంటే

ముందుగా పూయించడానికి: కొత్త కాడ పూర్తిగా ఎదిగి, ఆకు గట్టిపడి, తొడుగు వచ్చిందా చూసుకోండి. లేత కాడకు ఎంత చీకటి ఇచ్చినా లాభం లేదు. తర్వాత రోజూ సాయంత్రం 5 నుంచి పొద్దున 8 వరకు మొక్కను చీకట్లో ఉంచాలి, అంటే 9 గంటల పగలు. గ్రీన్‌హౌసుల్లో నల్ల గుడ్డ కప్పుతారు. మన డాబాల మీద సాయంత్రం ఐదింటికి గుడ్డ కప్పితే లోపల ఉక్కపోసి మొక్క ఉడికిపోతుంది, పైగా వేడి ఎక్కువైతే చీకటి ఇచ్చినా పూత సరిగా రాదు. అందుకని మొక్కనే గాలి ఆడే చీకటి గదికి మార్చండి. కుండీ కింద చక్రాల పీట ఉంటే నడుముకు మంచిది. రోజూ చేయాలి, ఆదివారం కూడా. వారంలో రెండు రోజులు మర్చిపోయే పనైతే మొదలుపెట్టకపోవడమే నయం.

తొడుగులో మొగ్గ నీడ కనిపించేదాకా ఇలా చేసి, ఆ తర్వాత మామూలు చోటికి తెచ్చేయవచ్చు. నేను ఒక ఏడాది జులై మొదటి వారం నుంచి చేస్తే దసరా వెళ్లిన వారానికి పూలు విచ్చాయి. పండగకు కావాలంటే మూడు నెలలకు పైగానే చేతిలో ఉంచుకోండి.

ఆలస్యం చేయడానికి ఇంతకంటే తేలిక. మొక్కకు మూడడుగుల పైన 9 వాట్ల పసుపు రంగు ఎల్ఈడీ బల్బు ఒకటి పెట్టి, రాత్రి 10 నుంచి 2 వరకు వెలిగేట్టు టైమర్ పెట్టండి. మొగ్గ కట్టే కాలానికి ముందే మొదలుపెట్టాలి. మొగ్గ కట్టేశాక లైటుతో ఆపలేరు. ఎప్పుడు పూలు కావాలో దానికి మూడు నెలల ముందు బల్బు తీసేయండి, అప్పటికి బయట పొద్దు కురచగా ఉండేట్టు చూసుకోండి. అంటే జనవరి, ఫిబ్రవరిలో పూయాల్సిందాన్ని మే నెలకి జరపాలనుకుంటే మన ఎండలకు అది వృథా ప్రయాస.

5. ఫెలనాప్సిస్‌కు రాత్రి చలి కాదు, పగటి చల్లదనం

ఫెలనాప్సిస్ పగలు 28 డిగ్రీలు దాటిన వేడిలో ఉన్నంతకాలం స్పైక్ (పూలు పూసే కాడ) వేయదు, ఆకులే వేస్తుంది. 26 కంటే తక్కువలో కొన్ని వారాలుంటే ఆకు మొదట్లోంచి స్పైక్ తొంగిచూస్తుంది. రాత్రి చల్లగా ఉంటే చాలని చాలామంది చెబుతారు, నేనూ అలాగే నమ్మి మొక్కను రాత్రిపూట ఏసీ గదిలో పెట్టి పొద్దున బాల్కనీలోకి మార్చేదాన్ని. 2006లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ప్రచురించిన పరిశోధన దీన్ని తిరగేసింది. పగలు 29 డిగ్రీల్లో ఉంచిన మొక్కలు రాత్రి 17 డిగ్రీలిచ్చినా స్పైక్ వేయలేదు, పగలు చల్లగా ఉంచినవి వేశాయి. కాబట్టి మన దగ్గర చేయాల్సింది డిసెంబరు, జనవరి నెలల్లో ఎండ నేరుగా పడని, వెలుతురు మాత్రం బాగా వచ్చే గదిలో, పగలు 25 డిగ్రీల దరిదాపుల్లో ఉండే కిటికీ పక్కన పెట్టడం. హైదరాబాద్‌లో ఇది చాలా ఇళ్లలో కుదురుతుంది. కోస్తాలో పగలు ఏసీ నడిచే ఆఫీసు గదో, దుకాణమో ఉంటే అక్కడ పెట్టండి, అయితే ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ఆ గదిలో వెలుతురు చాలకపోతే ఆరో మెట్టు చూడండి.

కొత్తగా వచ్చేది వేరా, స్పైకా అని అందరికీ అనుమానమే. వేరు కొస గుండ్రంగా, నున్నగా ఉంటుంది, కొస వెనక భాగం వెండి రంగు పూతతో ఉంటుంది. స్పైక్ కొస కాస్త నొక్కినట్టు, చేతి తొడుగులో బొటనవేలిలా ఒక పక్కకు మలుపు తిరిగి ఉంటుంది. కనిపించిన రోజు నుంచి పూలకు మూడు నాలుగు నెలలు.

6. గదిలో లైట్ల కింద పెంచేవాళ్లకు

తెల్ల ఎల్ఈడీ గ్రో లైటు చాలు, ఊదారంగు లైట్లు అవసరం లేదు, వాటి కింద ఆకు రంగు కూడా తెలియదు. ఆకు దగ్గర లక్స్ కొలిచి, ఫెలనాప్సిస్‌కు 8,000 నుంచి 10,000 వచ్చేట్టు ఎత్తు సర్దుకుని 12 నుంచి 14 గంటలు వేయండి. కాట్లియా విషయంలో గంటలు పెంచి లోటు పూడ్చకండి, వెలుతురు పెంచండి, ఆగస్టు తర్వాత 11 గంటలు దాటనీయకండి. ఈ రెండు రకాలూ రాత్రిపూటే ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకునే మొక్కలు, కాబట్టి రోజంతా లైటు వేస్తే ఎక్కువ పెరుగుతాయనుకోవడం తప్పు.

టైమర్ కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. చుట్టూ పళ్లుండి గిర్రున తిరిగే చవక రకం టైమర్ కరెంటు పోగానే ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటినుంచి మొదలవుతుంది. వారంలో మూడు గంటలు కోత పడిందనుకోండి, సాయంత్రం ఆరింటికి ఆరాల్సిన లైటు తొమ్మిదింటికి ఆరుతుంది, మీకు తెలియనే తెలియదు. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి.

7. మొగ్గ కనిపించాక

కాట్లియా తొడుగు ఎండిపోయిందని తుంచేయకండి, కొన్ని రకాలు ఎండిన తొడుగులోంచే పూస్తాయి. లోపల చెమ్మ చేరి నల్లబడుతుంటే మాత్రం కొస కత్తిరించి జాగ్రత్తగా చీల్చండి. ఫెలనాప్సిస్ కుండీని మొగ్గలొచ్చాక తిప్పకండి, మొగ్గలు వెలుతురు వైపు తలలు తిప్పుకుని ఉంటాయి, మనం కుండీ తిప్పితే పూలు తలోదిక్కు చూస్తాయి. పండిన మామిడి, అరటి పళ్ల బుట్ట పక్కన అసలు పెట్టొద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్‌కు మొగ్గలు పసుపు తిరిగి రాలతాయి.

పూలు పూర్తిగా విచ్చి రంగు తేలాక ఇక చీకటి లెక్కతో పనిలేదు. కుండీని హాల్లోకి తెచ్చుకోండి, టీవీ పక్కన పెట్టుకోండి, రాత్రి ఎంతసేపైనా లైటు వేసుకోండి. కాట్లియా పూలు రెండు మూడు వారాలుంటాయి, ఫెలనాప్సిస్ అయితే రెండు మూడు నెలలు. పూలు వాడాక పూలు పూసిన కాడ మాత్రం కత్తిరించి, ఒక చీటీ మీద పూసిన తేదీ రాసి కుండీలో గుచ్చి, మొక్కను తిరిగి ఆ వెనక గోడ వారకు చేర్చండి. వచ్చే ఏడాది దాన్ని ఏ నెలకు జరపాలో లెక్కేసుకోవడానికి మీకు కావలసింది ఆ తేదీయే.